వాసన వదలాలి, ముక్క వదలకూడదు

అమెరికా వాయవ్య మూలన పారే కొలంబియా నది అడుగున ఒక హెర్రింగ్ చేప పడి ఉంది. చచ్చిన చేప. దాని నోటి నుంచి తోక దాకా లోపల గాలపు దారం దూరి ఉంది. ఎక్కడో దిగువన, బురద మీద ముక్కు ఆనించి నెమ్మదిగా కదిలే తెల్ల స్టర్జన్ కోసం వేసిన ఎర అది. ప్రవాహంలో కొట్టుకొచ్చే వాసనను పసిగట్టి, దాన్ని పట్టుకుని ఎదురీదుతూ ఆ స్టర్జన్ ఇక్కడికి చేరడానికి అరగంట పట్టవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు. ఈలోగా అదే వాసన అందుకున్న చిన్నాచితకా చేపలు చుట్టూ మూగుతాయి. ఒకటి పొట్ట దగ్గర పీకుతుంది, ఇంకొకటి కన్ను లాగేస్తుంది. కాసేపటికి మిగిలేది గాలం ముల్లు, కాస్త వెన్నెముక. పైన పడవలో కూర్చున్నవాడికి ఈ సంగతి తెలియదు కాబట్టి బోసి ఇనుముకు కాపలా కాస్తూ ఉంటాడు. చెరువు గట్టున వానపాము గుచ్చి జెల్ల కోసం కూర్చుంటే పరిగెలు తినిపోవడం మనకూ తెలిసిన బాధే. కానీ స్టర్జన్ విషయంలో ఈ బాధకు ఒక చక్కటి పరిష్కారం ఉంది. అది దొరికేది దుకాణాల్లో కాదు, ఆ చేప నోటి నిర్మాణంలో.

స్టర్జన్ మన నదుల్లో లేదు. ఉత్తరార్ధగోళపు చల్లని, సమశీతోష్ణ జలాల్లో సుమారు 25 జాతులున్నాయి. వాటిలో తెల్ల స్టర్జన్ ఉత్తర అమెరికా మంచినీటి చేపలన్నిటిలోకీ పెద్దది. ఆరు మీటర్ల దాకా పెరిగినవి, నూరేళ్లు దాటి బతికినవి ఉన్నాయి. ఒంటి మీద పొలుసులకు బదులు అయిదు వరసల ఎముక పలకలుంటాయి. చూడటానికి మొసలికీ సొరచేపకీ పుట్టిన బిడ్డలా ఉంటుంది గానీ, నోట్లో ఒక్క పన్ను ఉండదు. పిల్ల దశలో మొలిచే చిన్న పళ్లు త్వరలోనే పోతాయి. నోరు తల కింద ఉంటుంది. అవసరమైనప్పుడు గొట్టంలా ముందుకు సాగి, నేల మీద ఉన్నదాన్ని నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది. నోటికి ముందు నాలుగు మీసాలు వేలాడుతుంటాయి. జెల్ల మీసాల్లాగే ఇవి కూడా తాకడానికే కాక రుచి చూడటానికీ పనికొస్తాయి. ముక్కు కింది భాగాన ఉన్న సన్నని రంధ్రాలు జీవుల శరీరాల నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్తును గుర్తిస్తాయి. కళ్లు చిన్నవి, ఆ మసక నీటిలో వాటి మీద అది పెద్దగా ఆధారపడదు. చేపల రుచి జ్ఞానం మీద ఏళ్ల తరబడి పనిచేసిన మాస్కో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త అలెగ్జాండర్ కసుమ్యాన్ పరిశోధనలు స్టర్జన్లు తిండిని నోటి బయటా, నోటి లోపలా కూడా రుచి చూస్తాయని స్పష్టం చేశాయి. దూరాన్నుంచి పిలిచేది వాసన. దగ్గరకొచ్చాక మీసాలు తడుముతాయి. నోట్లోకి వెళ్లాక చివరి తీర్పు వస్తుంది: మింగడమో, ఉమ్మేయడమో.

ఈ వివరాల్లో గాలం వేసేవాడికి అన్నిటికంటే విలువైనది పళ్లు లేకపోవడం. పళ్లు లేని చేప తిండిని ముక్కలు చేయలేదు, కొరుక్కుని పోలేదు. దొరికినదాన్ని ఉన్నపళంగా గుటకేయాల్సిందే. ఇక దొంగల సంగతి చూద్దాం. కొలంబియాలో, కెనడాలోని ఫ్రేజర్ నదిలో ఎర కాజేసే వాటిలో ముఖ్యమైనవి పికెమిన్నో, పీమౌత్ అనే కార్ప్ కుటుంబపు చేపలు, ఆపైన నేలకు కరుచుకుని బతికే స్కల్పిన్లు. మన బొచ్చె, రాగండిలకు మల్లేనే పికెమిన్నోకీ పీమౌత్‌కీ దవడల్లో పళ్లుండవు. పళ్లన్నీ గొంతులో ఉంటాయి. పెదవులతో పట్టి, తల విదిలించి, మెత్తగా ఊడివచ్చిన తునకను లాక్కుపోతాయి. స్కల్పిన్‌కు ఒంటి కొలతకు మించిన నోరు, ఆ నోట్లో సన్నని పళ్లూ ఉన్నాయి. అది ఎర అంచును కరిచి పట్టుకుని వేలాడుతుంది. పద్ధతులు వేరైనా వీటన్నిటికీ ఒకటే షరతు. తమ నోటికంటే పెద్దదైన ఎర నుంచి ఏదో ఒక ముక్క ఊడి రావాలి. ఊడకపోతే ఎంత తిప్పలు పడినా వాటికి దక్కేది రుచే.

అంటే నది అడుగున పోటీ రెండు రకాల తిండి మధ్య జరుగుతోంది: ముక్కలుగా తినడం, మొత్తంగా మింగడం. ఎరను ముక్కలు కాకుండా చేస్తే మొదటి రకం ఆగిపోతుంది, రెండో రకానికి ఏ నష్టమూ ఉండదు. దీనికి తోడు ఇంకొక్క షరతు చేర్చాలి, వాసన మాత్రం బయటికి పోతూనే ఉండాలి. పట్టు కుదరని ఉపరితలం, ఆగని వాసన. ఎరను కాపాడటానికి గాలం వేసేవాళ్లు పాటించే మంచి పద్ధతులన్నీ, ఎవరికి వాళ్లు అనుభవంతో కనిపెట్టుకున్నవే అయినా, ఈ రెంటినీ ఒకేసారి సాధించే ఉపాయాలేనని నా వాదన.

ఫ్రేజర్ నది మీద బాగా వాడే సాల్మన్ గుడ్ల మూటను తీసుకోండి. చేప జన ఎంత మెత్తనిదో వంటింట్లో కడిగినవాళ్లకు తెలుసు. వేళ్ల మధ్య నలిగితే చాలు, పాలు కారుతాయి. అలాంటిదాన్ని ఉత్త ముల్లుకు గుచ్చి నదిలో వేస్తే మొదటి చేప మూతి పెట్టగానే చెదిరిపోతుంది. అందుకని ఆడవాళ్లు తొడుక్కునే పల్చని నైలాన్ మేజోడు నుంచి అరచేతంత ముక్క కత్తిరిస్తారు. దాని మధ్యలో నిమ్మకాయంత గుడ్ల ముద్ద పెట్టి, అంచులు పైకి లాగి, మూతిని మెలితిప్పుతారు. మెలి బిగుసుకునేకొద్దీ మూట గట్టిపడి గుండ్రంగా తయారవుతుంది, మేజోడు కన్నాల్లోంచి నారింజ రంగు చెమ్మ పైకి ఊరుతుంది. మూతిని దారంతో కట్టి, మిగిలిన గుడ్డను ముడికి దగ్గరగా కోసేస్తారు, లేకపోతే ఆ కుచ్చే చిన్న చేపలకు పట్టు అవుతుంది. ముల్లు మొన మాత్రం మూట బయటే ఉండాలి. గుడ్లను అంతకుముందే ఉప్పులోనో, బోరాక్సు పొడిలోనో ఊరబెట్టడం ఇంకో పద్ధతి. ఉప్పు నీటిని లాగేస్తుంది, పొరలు బిగుస్తాయి, గుడ్డు తేలిగ్గా చితకదు. హెర్రింగ్, స్మెల్ట్ లాంటి చేపలకైతే పొడవాటి సూదితో దారాన్ని ఒంట్లోంచి దూర్చి, తోక దగ్గర ఒకటి రెండు ఉచ్చుముడులు వేసి, ఆపైన సన్నని సాగే దారాన్ని తల నుంచి తోక దాకా బిగించి చుడతారు. ఈలులా పొడవుగా ఉండే లాంప్రే ముక్కకు ఈ అవస్థ అక్కర్లేదు. దాని చర్మమే తోలులా ఉంటుంది, కోసిన రెండు చివరల నుంచి నూనె, రక్తం కారుతూనే ఉంటాయి. మేజోడు మూటను మనిషి కట్టాడు, లాంప్రే మూటను ప్రకృతి కట్టింది.

మూట కడితే వాసన కూడా మూటలోనే ఉండిపోదా అనేది సహజంగా వచ్చే సందేహం. కొలతలు వేసుకుంటే అది నిలవదు. చేపలను పిలిచే వాసనలో ముఖ్య భాగం అమైనో ఆమ్లాలు. ఒక్కో అణువు దాదాపు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. సాగదీసిన మేజోడు కన్నం మిల్లీమీటరులో మూడో వంతో, అయిదో వంతో ఉంటుంది. అణువు కంటే దారి లక్షల రెట్లు వెడల్పు. చేప నోటికి మాత్రం అది గోడ. ఇంత తేడా ఉన్నప్పుడు వాసనను ఆపేది గుడ్డ కాదు, ఎర లోపలి మాంసమే. కదలని నీటిలో ఒక అమైనో ఆమ్లపు అణువు తనంతట తాను ఒక మిల్లీమీటరు విస్తరించడానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు పడుతుంది. దూరం పది రెట్లయితే కాలం వంద రెట్లవుతుంది కాబట్టి ఒక సెంటీమీటరుకు సుమారు పద్నాలుగు గంటలు. మాంసంలో ఇంకా ఆలస్యం. పైపొరలోని సారమంతా త్వరత్వరగా కొట్టుకుపోతుంది, నడిమి సారం బయటికి రావడానికి పూట చాలదు.

ఈ లెక్క నుంచే ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటి పుడుతుంది. చిన్న చేపలు ఎరను చీల్చినప్పుడల్లా కొత్త మాంసం బయటపడి వాసన మళ్లీ తాజా అవుతుంది, చెదిరిన తునకలు ప్రవాహంలో పోయి దిగువ స్టర్జన్‌కు కబురు చేరవేస్తాయి. కాబట్టి దొంగలు కూడా ఒక రకంగా దళారులే అని వాదించేవాళ్లున్నారు. ఇందులో కొంత నిజముంది. కానీ అదే పనిని కత్తి చేయగలదు. హెర్రింగ్ పక్కలకు మూడు నాలుగు గాట్లు పెట్టి ఆపైన దారం చుడితే లోపలి సారానికి దగ్గర దారి దొరుకుతుంది, మాంసం మాత్రం ముల్లు మీదే ఉంటుంది. దళారీకి ఇచ్చే కమిషన్ ఎర మొత్తం విలువకు సమానమైతే ఆ బేరం ఎవరికి లాభం? పైగా సారం ఉన్నంతసేపు చుట్టిన ఎరను చిన్న చేపలు వదిలేసి పోవు. మూతులతో పొడుస్తూనే ఉంటాయి, రసం కారుతూనే ఉంటుంది. అంటే దళారీ సేవ కొంతవరకు ఉచితంగానే అందుతుంది.

మరికొందరి పరిష్కారం సూటిగా ఉంటుంది: పెద్ద ఎర వేస్తే పోలా? కొలంబియాలో పెద్ద స్టర్జన్ కోసం షాడ్ చేపను మొత్తంగా గుచ్చే అలవాటు ఉంది. ఈ షాడ్ మన పులసకు దగ్గరి చుట్టం; గోదావరిలో పులస ఎదురీదినట్టే సముద్రం నుంచి నదిలోకి ఎక్కి వస్తుంది. పసిఫిక్ తీరంలో ఇది పరాయిది. 1871లో న్యూయార్కు వైపు నుంచి దీని పిల్లలను రైల్లో తెచ్చి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదిలో వదిలారు, అక్కడి నుంచి ఉత్తరానికి పాకింది. ఇప్పుడు కొలంబియాలో ఏటా లక్షల సంఖ్యలో వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత ఉన్న మనకు దాని చుట్టాన్ని ఎరగా వాడటం కాస్త కడుపు తరుక్కుపోయే విషయమే. సరే, లెక్కకు వద్దాం. ఎర పొడవును రెట్టింపు చేస్తే మాంసం ఎనిమిది రెట్లవుతుంది, ఉపరితలం నాలుగు రెట్లవుతుంది. ఉపరితలం పెరిగితే ఒకేసారి మూతి పెట్టగల దొంగల సంఖ్య కూడా నాలుగు రెట్లవుతుంది. ఎనిమిది రెట్ల తిండిని నాలుగు రెట్ల మంది తింటే పట్టే కాలం రెండింతలే. ఎనిమిది రెట్లు ఖర్చు పెట్టి కొనుక్కున్నది రెండింతల సమయం! దొంగలు పదో పన్నెండో మాత్రమే ఉన్న చోట ఈ లెక్క మారుతుంది, అక్కడ పెద్ద ఎర నిజంగానే చాలాసేపు నిలుస్తుంది. వందల కొద్దీ మూగే చోట మాత్రం ఒక మూర దారం చేసే మేలు పెద్ద చేప చేయలేదు. ఇంకో సంగతి, మొత్తంగా మింగే చేపకు నోటి కొలతే హద్దు. పెద్ద షాడ్ వేస్తే చిన్న దొంగలతో పాటు చిన్న స్టర్జన్లనూ వెళ్లగొట్టినట్టే.

ముక్కలు కాకుండా చూడటమే ముఖ్యమైతే సన్నని ఇనుప తీగ వల చుట్టవచ్చు కదా, పీతలు కూడా కోయలేవు? కొలంబియా నదీముఖంలో, ఆస్టోరియా పరిసరాల్లో, డంజనెస్ పీతల బాధ ఎక్కువ. వాటి డెక్కల ముందు మేజోడు నిలవదు కాబట్టి ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ తీగను స్టర్జన్ రెండు చోట్ల గమనిస్తుంది. మొదటిది ముక్కు కింద ఉన్న విద్యుత్ ఇంద్రియం. నీటిలో లోహం చుట్టూ సన్నని విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. స్టర్జన్‌కు దగ్గరి బంధువైన తెడ్డుముక్కు పాడిల్‌ఫిష్ లోహపు కడ్డీలను తాకకుండానే గుర్తించి పక్కకు తప్పుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. రెండోది నోటి లోపలి తీర్పు. తడిసిన నైలాన్ మెత్తగా మాంసంతో కలిసిపోతుంది. తీగ గరుగ్గా తగులుతుంది. పీల్చుకున్నదాన్ని ఉమ్మేయడం ఈ చేపకు క్షణంలో పని. పీతల చోట నుంచి పడవను ఎగువకు, ఉప్పు తగ్గే నీళ్లలోకి జరపడమే మేలు.

ఇంత తతంగం దేనికి, ఆ పాడు చేపలనే తగ్గించేస్తే సరి అనే మాట కూడా వినిపిస్తుంది. దానికి ఆధారంగా పికెమిన్నో బహుమతి పథకాన్ని చూపిస్తారు. 1990ల ఆరంభం నుంచి కొలంబియా, స్నేక్ నదుల్లో నిర్ణీత పొడవుకు తగ్గని పికెమిన్నోను పట్టి తెచ్చినవాళ్లకు తలకింత అని డబ్బు ఇస్తున్నారు, జలవిద్యుత్తు అమ్మే బానవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్ ఖర్చుతో. అయితే ఆ పథకం లక్ష్యం ఎరల రక్షణ కాదు. సముద్రానికి దిగే సాల్మన్ పిల్లలను పెద్ద పికెమిన్నోలు తినేస్తున్నాయి కాబట్టి, ఏటా వాటిలో పది నుంచి ఇరవై శాతాన్ని తీసేయాలన్నది ఉద్దేశం. ఎరను పీకే చిన్నవాటి జోలికి అది పోదు. అసలు పికెమిన్నో అక్కడి సొంత చేప. ఆనకట్టలు కట్టి, పారే నదిని నిలవ నీళ్లుగా మార్చి, దానికి వేట సులువు చేసింది మనుషులే. 1938లో పూర్తయిన బానవిల్ ఆనకట్ట స్టర్జన్‌ను కూడా దెబ్బతీసింది. సాల్మన్ కోసం కట్టిన మెట్ల దారులు స్టర్జన్‌కు దాదాపు పనికిరావు, ఎగువనున్నవి ఎగువనే చిక్కుబడ్డాయి. ఇక స్కల్పిన్ల మాటకొస్తే, స్టర్జన్ తినే చేపల్లో అవి కూడా ఉన్నాయి. వాటిని ఏరిపారేయడమంటే స్టర్జన్ కంచంలోది తీసేయడమే.

ఎర కాపాడుకోవడం గాలం వేసేవాడి సౌకర్యం మాత్రమే అయితే ఈ విషయానికి ఇంత చర్చ అక్కర్లేదు. కానీ స్టర్జన్ వేట ఇప్పుడు చాలాచోట్ల పట్టి వదిలేసే వేట. కొలంబియాలో 1892లో సుమారు పాతిక లక్షల కిలోల స్టర్జన్ పట్టారు. 1899 నాటికి ఆ వేట కుప్పకూలింది. ఆడ చేప తొలిసారి గుడ్లు పెట్టడానికి పదిహేను నుంచి ముప్పై ఏళ్లు పట్టే జాతి అలాంటి దెబ్బ నుంచి తేరుకోవడానికి తరాలు కావాలి. ఫ్రేజర్‌లో 1994 నుంచి, ఐడహో రాష్ట్రంలో 1970ల మొదటి నుంచి, పట్టిన ప్రతి తెల్ల స్టర్జన్‌నూ నీళ్లలోకి వదిలేయాల్సిందే. వదిలిన చేప బతకాలంటే గాలం పెదవికి తగలాలి, పొట్టలోకి పోకూడదు. ఇక్కడే చిన్న దొంగల అసలు నష్టం కనిపిస్తుంది. గాలపు కర్ర కొసను గమనించండి. పీమౌత్ పొడిస్తే కొస టకటకమని వణుకుతుంది, ఆగుతుంది, మళ్లీ వణుకుతుంది. స్టర్జన్ పీల్చినప్పుడు కొస నెమ్మదిగా వంగి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ నిదానంగా వంగుతుంది. అంత పెద్ద చేప చేసే సైగ అంత మెత్తగా ఉంటుంది. అరగంటగా ఆ టకటకలకు అలవాటుపడిన కన్ను ఈ మెత్తని వంపును దాటేస్తుంది. ఆ ఆలస్యంలో ఎర గొంతు దాటి లోపలికి వెళ్లిపోతుంది. స్నేక్ నదిలో స్టర్జన్ల కడుపుల్లో గాలాలు చిక్కుబడి ఉండటం ఐడహో పరిశోధకులు గమనించారు. బరువును సన్నని దారంతో విడిగా కట్టాలని, ముల్లుకు వెనుకమొన ఉండకూడదని అక్కడ నిబంధనలున్నాయి. ముక్క ఊడని ఎరను చిన్న చేపలు పొడిచినా, పట్టి లాగే లాగుడు తగ్గుతుంది. కర్ర కొస చెప్పేది స్పష్టంగా వినిపిస్తుంది.

నైలాన్ గురించి నిలదీసేవాళ్లకు నేను పూర్తిగా బదులు చెప్పలేను, వాళ్ల పక్షాన న్యాయముంది. దారం తెగితే ఆ గుడ్డ ముక్క చేప పొట్టలోకో, నది అడుక్కో చేరుతుంది. రెండు చోట్లా అది కుళ్లదు. నూలు దారంతో చుట్టి, ఉప్పులో ఊరిన గట్టి ఎరను వాడితే చాలావరకు అదే ఫలితం వస్తుంది, మేజోడు గుడ్లకు మాత్రమే మిగులుతుంది. చలికాలంలో అదీ అక్కర్లేకపోవచ్చు. చేపలు చల్లనెత్తురు జీవులు. నీరు పది డిగ్రీలు చల్లబడితే వాటి ఒంట్లో రసాయన క్రియల వేగం ఇంచుమించు సగానికి, ఒక్కోసారి అంతకంటే కిందికి పడిపోతుంది, ఆకలీ దాంతోపాటే. ఆగస్టులో పది నిమిషాల్లో మాయమయ్యే ఎర జనవరిలో గంటసేపు ఉండగలదు.

మంచి మూటలో ఒక మోసం దాగి ఉందని మరచిపోతే మాత్రం పైన చెప్పిందంతా వృథా. దొంగలు తినేసిన ఎర పైకి లాగితే ఖాళీ ముల్లుగా కనిపించి తప్పును బయటపెడుతుంది. ముక్కలు కాని ఎర అలా బయటపెట్టదు. రెండు గంటల తరువాత లాగినా ముడి ముడిలాగే, మూట మూటలాగే ఉంటుంది, చేతికి బరువుగానే తగులుతుంది. తిప్పి వెలుతురులో చూస్తే లోపలి గుడ్లు నారింజ రంగు పోయి సున్నపు నీళ్లలా తెల్లబడి ఉంటాయి. నొక్కితే చెమ్మ ఊరదు, వేళ్లకు వాసన అంటదు. చిన్న చేపలు కూడా దాన్ని ఎప్పుడో వదిలేసి ఉంటాయి. కర్ర కొస చాలాసేపటి నుంచి కదలకుండా ఉండటానికి కారణం అదే.